అద్దె ఇంట్లో కలంకారీ: ఆఫీసు వారాల మధ్య ఒక గుడ్డ

గుడ్డ: కోరా గాడా (బ్లీచ్ చేయని ముతక నూలు గుడ్డ), 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు. ఉతికి ఆరేశాక తూకం 170 గ్రాములు.
బొమ్మ: కానుగ చెట్టు, కొమ్మల్లో చిలకలు, చుట్టూ రెండంగుళాల అంచు.
రంగులు: నలుపు, ఎరుపు, పసుపు, నీలం. పసుపు మీద నీలం పూస్తే ఆకుపచ్చ.
చోటు: బెంగళూరులో అద్దె ఇల్లు, ఒక బాల్కనీ, ఓనరు ఒప్పుకున్నప్పుడు టెర్రస్.
చేసేవాళ్లం ఇద్దరం. ఇద్దరికీ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉద్యోగం.

కలంకారీకి రోజంతా కేటాయించాలని, ఉద్యోగం చేసేవాళ్ల వల్ల కాదని చాలామంది మొదట్లోనే వదిలేస్తారు. పనిని విడదీసి చూస్తే అలా అనిపించదు. నల్లగీతలకు వాడే ఇనుము, బెల్లం నీళ్లను కసిం అంటారు. అది ఊరడానికి వారాలు పడుతుంది, అందులో మన చెయ్యి పడేది రోజుకు రెండు నిమిషాలు. పటిక పూశాక గుడ్డ ఒక రోజంతా ఊరికే ఉండాలి. గీత గీయడం ఎక్కడైనా ఆపి మర్నాడు అందుకోవచ్చు. అయితే ఆపడానికి వీల్లేని పనులు మూడున్నాయి: పాలలో ముంచి ఆరబెట్టడం, పటిక పూసిన గుడ్డను కడగడం, ఎరుపునిచ్చే మంజిష్ఠ వేర్ల నీళ్లలో ఉడికించడం. వీటిలో ఏదైనా మధ్యలో ఆపితే గుడ్డ పాడవుతుంది. అందుకే క్యాలెండర్‌లో ముందు ఈ మూడింటికీ శని, ఆదివారాలు గుర్తుపెట్టుకుని, మిగతా పనులు వాటి చుట్టూ సర్దుకున్నాం.

పద్ధతి శ్రీకాళహస్తిది. అచ్చులతో అద్దే మచిలీపట్నం పద్ధతి వేరు, ఇక్కడ గీతంతా కలంతోనే. చేతిపనులను నిలబెట్టడానికి కృషి చేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలయ్యాకే ఈ విద్య మళ్లీ ఊపిరి తీసుకుంది. అక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. పాళ్లు రాసి ఇవ్వొచ్చు గానీ, కలం మీద వేళ్లు ఎంత నొక్కాలో రాతలో చెప్పలేం. ఒక శనివారం శ్రీకాళహస్తి వెళ్లి, గీసేవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల బొటనవేలిని చూస్తే అది తెలుస్తుంది.

కసిం కుండ

అన్నిటికంటే ముందు ఇది పెట్టాలి. బొమ్మ ఏం గీయాలో తేలకపోయినా ఫర్వాలేదు.

2 లీటర్ల నీళ్లు, 250 గ్రాముల తుప్పుపట్టిన ఇనుము, 100 గ్రాముల బెల్లం, 50 గ్రాముల తాటిబెల్లం. ఇనుముకు పాత మేకులు సరిపోతాయి. పీణ్యా వైపు లేత్ షాపుల్లో ఇనుప రజను దొరుకుతుంది గానీ దానికి కటింగ్ ఆయిల్ అంటుకుని ఉంటుంది. సబ్బునీళ్లలో రెండుసార్లు కడిగి, నాలుగు రోజులు తడి తగిలేలా ఉంచి తుప్పు పట్టించాకే వాడాలి. నూనె పోకపోతే కసిం పైన తెట్టులా తేలుతుంది, గీతలో ఆ చుక్క పడిన చోట రంగు పట్టదు. గాల్వనైజ్డ్ మేకులు వద్దు, వాటి మీద ఉండేది జింకు పూత.

మట్టికుండ గానీ ప్లాస్టిక్ బకెట్ గానీ వాడొచ్చు. మూతి మీద గుడ్డ కట్టాలి. మూత బిగించకూడదు: బెల్లం పులుస్తుంటే గ్యాసు వస్తుంది, ఆ పులుపు ఇనుమును తింటుంటే ఇంకా వస్తుంది. బిగించిన గాజు సీసా పగిలిపోవచ్చు. రోజూ కర్రతో ఒకసారి కలపాలి. పైన తెల్లగా బూజు కడితే తీసి పారేస్తే చాలు, కసిం పాడైనట్టు కాదు.

ఎండలు మండే ఊళ్లలో రెండు మూడు వారాల్లో తయారవుతుంది. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు చల్లన, పులుపు నెమ్మదిగా ఎక్కుతుంది, నాలుగు వారాలు అనుకోవాలి. పగలు ఎండ తగిలే చోట, రాత్రి వంటగదిలో ఫ్రిజ్ వెనక పెడితే కొంత నయం. నురగ తగ్గి, వెనిగర్ లాంటి ఘాటు వాసన వచ్చి, నీళ్లు ముదురు గోధుమ రంగుకు తిరిగితే పరీక్ష చేయొచ్చు. కరక్కాయ పట్టించిన గుడ్డ ముక్క మీద ఒక గీత గీయండి. గీసినప్పుడు లేతగా ఉండి, చూస్తుండగానే నల్లబడాలి. బూడిద రంగు దగ్గరే ఆగిపోతే ఇంకో వారం ఆగాలి.

నలుపు కసింలో ఉండదు. కసింలో కరిగిన ఇనుము, గుడ్డలో ఉన్న కరక్కాయ వగరు కలిసినప్పుడే పుడుతుంది. ఇంత చిన్న సంగతే ఈ పనిలో సగం కష్టాలకు కారణం. కరక్కాయ పట్టిన గుడ్డకు ఇనుము ఎక్కడ తగిలినా అక్కడ నల్లమచ్చ పడుతుంది: బట్టలారేసే ఇనుప తీగ, తుప్పు క్లిప్పు, బాల్కనీ గ్రిల్లు. నైలాన్ తాడు, ప్లాస్టిక్ క్లిప్పులు తప్ప ఇంకేవీ దగ్గరికి రానివ్వకూడదు.

గుడ్డ, కరక్కాయ, పాలు

గాడా గుడ్డ చిక్‌పేటలో మీటర్ల లెక్కన దొరుకుతుంది. కరక్కాయ, పటిక, మంజిష్ఠ అవెన్యూ రోడ్డు చుట్టుపక్కల గ్రంధిగె అంగళ్లలో (మూలికలు, పూజాసామాను అమ్మే దుకాణాల్లో) ఉంటాయి. కరక్కాయను అక్కడ అళలెకాయి అని అడగాలి. పొడి కంటే కాయలే కొనడం మేలు, పొడిలో ఏం కలిసిందో తెలియదు. గింజ తీసి పెచ్చు మాత్రం దంచుకోవాలి.

కోరా గుడ్డలో గంజి, నూనె ఉంటాయి. శ్రీకాళహస్తిలో ఆవుపేడ నీళ్లలో నానబెట్టి ఎండేస్తారు. అపార్ట్‌మెంట్‌లో అది కుదరదు కాబట్టి రెండు చెంచాల చాకలి సోడా వేసి ముప్పావు గంట ఉడికించాం. మొదటిసారి నీళ్లు టీ రంగులో వచ్చాయి. తేటపడేదాకా కడగాలి. ఆరాక ఒక నీటిచుక్క వేసి చూస్తే తెలుస్తుంది: చుక్క నిలబడితే జిడ్డు పోలేదు, ఇంకోసారి ఉడకాలి. తగలగానే ఇంకిపోవాలి.

పాల పని శనివారం పొద్దున ఎనిమిదికి మొదలెట్టాలి, అదీ ఆకాశం తేటగా ఉంటేనే. 70 గ్రాముల కరక్కాయ పొడిని కాసిని నీళ్లతో మెత్తగా నూరి, 1 లీటరు కాచని పాలలో కలిపి, పల్చటి గుడ్డతో వడగట్టాలి. గేదెపాలయితే మంచిది. గేదెపాలు దొరక్కపోతే ప్యాకెట్లలో ఫుల్ క్రీమ్ తీసుకోండి, అందులో వెన్న 6 శాతం. టోన్డ్ పాలలో 3 శాతమే. ఒకే గుడ్డ నుంచి ముక్కలు కోసి రెండిట్లోనూ ముంచి గీసి చూశాం. టోన్డ్ పాల ముక్క మీద గీత అంచులు మసకబారి పక్కకు పాకాయి, ఫుల్ క్రీమ్ ముక్క మీద గీత గీసినట్టే నిలిచింది. పాలలోని కొవ్వు నూలు పోగుల మధ్య నిండి రంగును పాకనివ్వదు. పాలు వాడేది అందుకే.

గుడ్డను పదిహేను నిమిషాలు ముంచి, చేత్తో తిరగేస్తూ ఉండాలి. పిండడం దగ్గరే తేడా వస్తుంది. మెలిపెట్టి పిండితే మడతల్లో పాలు ఎక్కువ తక్కువలుగా మిగులుతాయి, ఆరాక అవి చారలై కనిపిస్తాయి. ఇద్దరు చెరో కొస పట్టుకుని, పొడవు మీద మడిచి, అరచేతులతో నొక్కుతూ పాలు కిందికి దించాలి. ఆ తర్వాత మడత లేకుండా ఎండలో పరచాలి. గంటకు రెండు మూడుసార్లు తిరగేయాలి, లేకపోతే పాలన్నీ కింది అంచుకు దిగి అక్కడ పసుపుపచ్చగా గట్టిపడతాయి. సాయంత్రం నాలుగులోపు పూర్తిగా ఆరిపోవాలి. తడి మిగిలితే రాత్రికి పులిసి కంపు కొడుతుంది. ఆ కంపు ఇంట్లోవాళ్లకే కాదు, పక్కింటికీ వెళుతుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజున ఈ పని పెట్టుకోవచ్చనిపిస్తుంది గానీ, ఒక్క కాల్ గంట దాటిందంటే తిరగేయడం ఆగిపోతుంది. శనివారమే మేలు.

ఆరిన గుడ్డను పాత నూలు పంచెలో చుట్టి పెట్టాలి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. చీమలు రాకుండా డబ్బాలో ఉంచాలి.

గీత

వారం రోజుల్లో రాత్రి తొమ్మిది తర్వాత చేయదగిన పని ఇది. ముప్పావు గంట చాలు. అంతకు మించితే, పగలంతా కీబోర్డు మీద ఉన్న మణికట్టుకు పట్టు తప్పి గీత వణుకుతుంది.

ముందు చింతపుల్లల బొగ్గుతో బొమ్మ. పెన్సిల్ మందం పుల్లలు చెక్కు తీసి, ఇసుక నింపిన డబ్బాలో నిలబెట్టి, మూతకు చిన్న కన్నం పెట్టి, పొగ ఆగేదాకా కుంపటి మీద ఉంచితే బొగ్గవుతాయి. టెర్రస్ మీదే చేయాలి. బొగ్గు గీత దులిపితే పోతుంది, గ్రాఫైట్ పెన్సిల్ గీత ఉడికించినా పోదు.

కలం వెదురుది. ఆరేడు అంగుళాల పుల్ల, చిటికెనవేలి కంటే సన్నం. మొన చెక్కి, మొనకు అంగుళం పైన ఉన్ని గుడ్డ పీలిక చుట్టి నూలుదారంతో బిగించాలి. ఆ చుట్టు నిమ్మకాయంత పెద్దదైతే చేతికి బరువు, మరీ చిన్నదైతే ప్రతి ఆకుకూ ముంచాలి. రేగుపండంత ఉంటే ఒక కొమ్మ మొత్తం ఒకే ముంపులో వస్తుంది. వెడల్పు నలుపులకు ఈతపుల్ల మొన చితగ్గొట్టి వాడుతున్నాం.

కసింలో ముంచగానే నేరుగా గుడ్డ మీదికి తీసుకెళ్లకూడదు. గిన్నె అంచుకు చుట్టును ఆనించి మొదటి బొట్టు వదిలించాలి, తర్వాత చిత్తుగుడ్డ మీద రెండు గీతలు గీయాలి, అప్పుడు బొమ్మ మీదికి. బొటనవేలు చుట్టు మీదే ఉంటుంది, నొక్కితే కసిం దిగుతుంది, వదిలితే ఆగుతుంది. గీత మొదలెట్టేచోట నొక్కు తక్కువగా, సాగుతున్నకొద్దీ కొంచెం ఎక్కువగా ఉండాలి. మొదట్లోనే నొక్కితే ప్రతి గీత తలా బొట్టు కడుతుంది. చిలక కంటికి, ముక్కుకు వేరే కలం, మొన సూదిలా చెక్కింది, చుట్టు సగమే.

గీసిన నిమిషంలో నలుపు పూర్తిగా తేలదు, మొదట లేత గోధుమగా కనిపిస్తుంది. రంగు రాలేదని మళ్లీ దాని మీదే గీస్తే కసిం ఎక్కువై పక్కకు పాకుతుంది. గుడ్డకూ మంచిది కాదు, ఇనుము ఎక్కువైన చోట నూలు ఏళ్లు గడిచేకొద్దీ పొడిబారి చిరుగుతుంది. పాత కలంకారీల్లో నల్లగీతల వెంబడే గుడ్డ పోవడానికి కారణం ఇదే. గీసి వదిలేయండి, మర్నాడు పొద్దున కిటికీ వెలుగులో చూడండి. ఎల్ఈడీ బల్బు కింద నలుపు ముదురో లేతో తేల్చలేం.

బొట్టు పడితే నిమ్మరసంతో తగ్గించొచ్చు, కానీ చుట్టూ తెల్లటి వలయం మిగులుతుంది. ఆ బొట్టును ఒక ఆకుగానో మొగ్గగానో మలిస్తే బాగుంటుంది. కానుగ చెట్టును ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం, ఎన్ని ఆకులు పెరిగినా చెట్టు నిండుగానే కనిపిస్తుంది.

వేళ్లకు కసిం అంటి, ఆ చేత్తోనే టీపొడి ముట్టుకుంటే గోళ్లు నల్లబడతాయి. సోమవారం మీటింగులుంటే ఆదివారం రాత్రి చేతి తొడుగు వేసుకోండి, లేదా నిమ్మచెక్కతో రుద్దుకోండి.

పటిక, కడుగు

100 గ్రాముల పటికను 1 లీటరు వేడినీళ్లలో కరిగించి చల్లార్చాలి. ఎరుపు రావలసిన చోట మాత్రమే పూయాలి: చిలక ముక్కులు, పూలు, అంచులో పట్టీ. పటిక నీళ్లకు రంగుండదు, ఎక్కడ పూశామో తెలియదు. అందుకే రెండు చెంచాల మంజిష్ఠ కషాయం కలుపుతారు, లేత గులాబీ జాడ కనిపిస్తుంది.

ఇక్కడ నీళ్ల సంగతి చూసుకోవాలి. బోరునీళ్లలో ఇనుము ఉంటే ఎరుపు మాసిన ఊదాగా తిరుగుతుంది. బకెట్ అడుగున ఎర్రమడ్డి దిగే ఇళ్లలో పటిక, పసుపు, ఎరుపు మూడింటికీ ఫిల్టర్ నీళ్లే వాడాలి. కావేరి నీళ్లు వచ్చే ఇళ్లలో ఈ బెడద తక్కువ. ట్యాంకర్ నీళ్లు ఏ బోరు నుంచి వస్తాయో చెప్పలేం, ప్రతి ట్యాంకర్‌కూ కొత్తగా ముక్క మీద పరీక్షించుకోవాలి.

పూసి ఒక రోజంతా ఆరనివ్వాలి. శుక్రవారం రాత్రి పూస్తే ఆదివారం పొద్దున కడగొచ్చు.

శ్రీకాళహస్తిలో అయితే గుడ్డను స్వర్ణముఖి నదిలో పారే నీళ్లకు వదిలేవారు. పారే నీళ్లే ఎందుకంటే, గుడ్డను పట్టుకోని పటికను ప్రవాహం వెంటనే లాక్కుపోతుంది. నిలవ నీళ్లలో అది కరిగి, తిరిగి తెల్లటి నేల (బొమ్మ లేని ఖాళీ గుడ్డ) మీద కూర్చుంటుంది. ఉడికించాక నేలంతా గులాబీ అవుతుంది, ఏం చేసినా పోదు. అపార్ట్‌మెంట్‌లో కలంకారీ చెడేది ఎక్కువగా ఇక్కడే. దీనికి మేం పెట్టుకున్న ఏర్పాటు: మూడు పెద్ద టబ్బులు, ఒక్కోదాంట్లో 20 లీటర్లు. ఒకరు గుడ్డ పై రెండు కొసలు పట్టుకుని మొదటి టబ్బులో ఆపకుండా ఆడిస్తారు, నిమిషంలో రెండోదానికి, మరో నిమిషంలో మూడోదానికి. ఈలోగా రెండో మనిషి మొదటిది పారబోసి తాజా నీళ్లు నింపాలి. ఇలా మూడు చుట్లు. గుడ్డను ఎక్కడా మడవకూడదు, వదిలిపెట్టకూడదు, పిండకూడదు. ఒక్కరే అయితే బాత్రూమ్ గోడకు ప్లాస్టిక్ షీటు కట్టి, దాని మీద గుడ్డ పరచి, హ్యాండ్ షవర్‌తో పైనుంచి కిందికి పదిహేను నిమిషాలు నీళ్లు పారించాలి. వేసవిలో నీళ్లకు కటకట వచ్చాక ఈ పని పెట్టుకోవద్దు, ఫిబ్రవరిలోపే కానివ్వాలి.

మంజిష్ఠ

మంజిష్ఠ వేర్ల పొడి 100 గ్రాములు, పల్చటి గుడ్డలో మూటగట్టి, ముందు రాత్రి 2 లీటర్ల నీళ్లలో నానబెట్టాలి. మూట లేకుండా వేస్తే పొడి రేణువులు గుడ్డకు అతుక్కుని మచ్చలు పడతాయి. స్టీలు గిన్నె, మొత్తం 9 లీటర్లు. ఇనుప బాణలి, అల్యూమినియం డేగిసా రెండూ వద్దు.

గోరువెచ్చగా ఉన్నప్పుడే గుడ్డ వేయాలి. అరగంటలో నెమ్మదిగా వేడి పెంచి, బుడగలు మొదలవగానే మంట తగ్గించి, ముప్పావు గంట అలాగే ఉంచి కర్రతో తిప్పుతూనే ఉండాలి. తిప్పడం ఆపితే గిన్నె అడుగుకు తగిలిన భాగం ముదురుగా, మడతలోపలి భాగం లేతగా వస్తుంది. పటిక ఉన్న చోట ఎరుపు కుదురుతుంది. మిగతా నేల మీద రంగు పైపైన ఉంటుంది.

ఆ పైపై రంగు తీయడానికి ఊళ్లో గొర్రెపెంట నీళ్లు వాడతారు. మేం 5 లీటర్ల నీళ్లలో 100 గ్రాముల గోధుమపొట్టు వేసి, పది నిమిషాలు కాచి, వడగట్టి, ఆ గోరువెచ్చని నీళ్లలో గుడ్డను గంటసేపు ఉంచాం. ఆ తర్వాత టెర్రస్ మీద ఎండలో పరచి, ఆరుతున్నప్పుడల్లా నీళ్లు చల్లుతూ ఉండాలి. ఒక్క రోజులో తేడా తెలియదు. రెండు మూడు వారాంతాలు పడుతుంది. ఇప్పుడు నేల లేత మీగడ రంగుకు వచ్చింది, ఎరుపు అలాగే ఉంది.

పసుపు, నీలం

ఈ రంగులు కలంతో పూయాలి కాబట్టి మళ్లీ పాలు పట్టించాలి. ఈసారి కరక్కాయ లేకుండా, సగం పాలు, సగం నీళ్లు.

కరక్కాయ పువ్వు 50 గ్రాములు అర లీటరు నీళ్లలో సగానికి మరిగించి, చిటికెడు పటిక వేస్తే పసుపు తయారు. కరక్కాయ పువ్వు దొరకనప్పుడు జ్యూస్ షాపులో దానిమ్మ తొక్కలు అడిగితే ఊరికే ఇస్తారు, అదీ మంచి పసుపే. ఇనుము తగిలితే మాత్రం రెండూ ఆలివ్ రంగుకు తిరుగుతాయి, కాబట్టి కసిం కలాన్ని దీనికి వాడొద్దు. ఆకులకు, చిలకలకు పసుపు పూయడం పూర్తయింది.

నీలిమందే ఈ గుడ్డలో అన్నిటికంటే కష్టం. నీళ్లలో అది కరగదు, గాలి లేని ద్రావణంలో కరిగించి పూయాలి. నీలిమందు 10 గ్రాములు, సున్నం 20, ఫ్రక్టోజ్ పొడి 30, నీళ్లు 1 లీటరు, వేడి 50 డిగ్రీల దగ్గర. గంటా రెండు గంటల్లో పైన రాగిరంగు పొర కట్టి, కింద ద్రావణం పచ్చటి పసుపుగా తిరగాలి. కలం చుట్టులోకి వచ్చాక గాలి తగిలి సెకన్లలో నీలమవుతుంది, ఆ తర్వాత గుడ్డలోకి దిగదు. అందుకే చిన్న సీసాలోకి మూతిదాకా తీసుకుని, ఒక్కో ముంపుకు ఒక్కో ఆకు మాత్రమే పూయాలి. సున్నం ఘాటు ఎరుపును ఊదాగా, పసుపును ముదురుగా మార్చగలదు కాబట్టి చిలక ముక్కు చుట్టూ అరంగుళం వదిలి, పూసిన పది నిమిషాలకే కడిగేయాలి. ముక్కల మీద పరీక్షల్లో ఒక పూతకు గడ్డి రంగు, రెండు పూతలకు చిలకపచ్చ వచ్చాయి.

ఉద్యోగం వైపు చూసుకోవలసినవి

చేసిన గుడ్డలు అమ్మాలనుకుంటే ముందు అపాయింట్‌మెంట్ లెటర్ చదవాలి. బయటి సంపాదనకు రాతపూర్వక అనుమతి కావాలని చాలా కంపెనీలు రాస్తాయి. హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకోవాలి. అమ్మిన డబ్బును జీతంలో కలిపి చూపకూడదు, రిటర్నులో వ్యాపార ఆదాయంగా చూపాలి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి, బెంగళూరులో గీసిన గుడ్డకు ఆ పేరు తగిలించి అమ్మడం చట్టం ఒప్పని పని. న్యాయమూ కాదు, ఆ పేరు అక్కడి కుటుంబాల కష్టార్జితం. పద్ధతి వాళ్లదని చెప్పి, గుడ్డ మీద మన ఊరి పేరు రాసుకుంటే సరిపోతుంది.

ప్రస్తుతం

నలుపు, ఎరుపు, పసుపు అయ్యాయి. చిలకల్లో సగానికి మొదటి పూత నీలం పడింది. రెండో పూతకు ద్రావణాన్ని మళ్లీ వేడి చేసి, రంగు పచ్చగా తిరక్కపోతే ఇంకో 10 గ్రాముల ఫ్రక్టోజ్ వేయాలి. కసిం మిగిలింది ముప్పావు లీటరు. వడగట్టి ముదురు సీసాలో పోశాం, కుండలో అదే ఇనుము మీద కొత్త బెల్లం నీళ్లు పోసి పెట్టాం. తర్వాతి గుడ్డకు 24 అంగుళాల చదరం చాలు, టబ్బుకు 8 లీటర్లతో కడుగు అయిపోతుంది.